సబ్బులో మెలికలు ఒకప్పుడు సాక్ష్యం చెప్పేవి

ఈ ఎపిసోడ్ పెద్దాపురం నుంచి. పెద్దాపురం అనగానే కొందరికి పట్టుచీరలు గుర్తొస్తాయి, కొందరికి మరిడమ్మ జాతర, నవోదయలో చదివినవాళ్ళకైతే హాస్టల్ సాంబారు. ఈరోజు టాపిక్ వీటిల్లో ఏదీ కాదు, సబ్బు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే సబ్బు లోపల కనిపించే మెలికలు.

రీల్స్‌లో చూసే ఉంటారు. పొడుగాటి సబ్బు దిమ్మని తీగతో కోస్తారు, లోపల నెమలి పింఛంలాంటి డిజైన్ బయటపడుతుంది, మనం స్క్రోల్ చేయడం ఆపేసి పదిసార్లు అదే చూస్తాం. దాన్ని స్విర్ల్ అంటారు. ఇన్‌స్టాగ్రామ్ వచ్చాక పుట్టిన సోకు అనుకుంటారు చాలామంది. కాదండి. రెండొందల ఏళ్ళ కిందట ఫ్రాన్స్‌లో సబ్బు కొనేవాళ్ళు ఆ మెలికలు ఉన్నాయా లేవా అని చూసి మరీ కొనేవాళ్ళు. అందానికి కాదు, మోసపోకుండా ఉండటానికి.

ఆ కథలోకి వెళ్ళే ముందు, ఈ టాపిక్ నాకెక్కడ తగిలిందో చెప్తాను. మా పిన్ని వాళ్ళ డ్వాక్రా గ్రూపులో నలుగురు ఆడవాళ్ళు కొన్ని నెలలుగా ఇంట్లో సబ్బులు పోస్తున్నారు. సంక్రాంతికి అందరం పెద్దాపురంలో కలిసినప్పుడు పందెం మొదలైంది, ఎవరి సబ్బులో మెలిక బాగా వస్తుందో చూద్దామని. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో మామూలుగా ఏ పందేలు జరుగుతాయో మీకు తెలుసు. వాటితో పోలిస్తే మాది చాలా శాంతియుతమైన పందెం, ఎవరి కాలికీ కత్తి కట్టలేదు. విదేశాల్లో చేత్తో సబ్బు చేసేవాళ్ళు ఇలాంటి ఛాలెంజులు చాలా ఏళ్ళుగా ఆడుకుంటున్నారు, ఒక్కో విడతకి ఒక్కో టెక్నిక్ పెట్టుకుని. మేం పెట్టుకున్న రూల్స్ మూడే. అందరికీ ఒకే నూనెలు. రంగు పచారీ కొట్లో దొరికేదే అయ్యుండాలి. మూడోది పిన్ని పెట్టింది: లోపల ఏమేం వేశారో, ఎంత వేశారో కాగితం మీద రాసి సబ్బు పక్కన పెట్టాలి. అప్పుడు అందరం నవ్వాం, పరీక్ష రాస్తున్నామా ఏంటని. ఆ మూడో రూలు ఎంత పెద్ద రూలో చరిత్ర చదివితే అర్థమవుతుంది.

సబ్బు మనకి కొత్త చుట్టం అండి. ఆ మాట కూడా బయట నుంచి వచ్చిందే. అరబీలో సాబూన్, లాటిన్‌లో సాపో, మన దగ్గరకొచ్చేసరికి సబ్బు. అంతకుముందు తలకి కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి, బట్టలకి చౌడుమట్టి. కుంకుడు చెట్టుకి వృక్షశాస్త్రంలో పేరు సాపిండస్, ఆ పేరు మొదట్లో ఉన్నది కూడా ఆ సాపోనే. ఇక రజకులు చౌడు నీళ్ళల్లో బట్టలు తడిపి ఉబ్బ పెట్టేవాళ్ళు. చౌడులో ఉన్నది క్షారం. బట్టకి పట్టిన జిడ్డు మీద క్షారం పనిచేస్తే అక్కడికక్కడే కాస్త సబ్బులాంటిది పుడుతుంది. అంటే మనవాళ్ళు సబ్బుని ముద్దగా పోసి అమ్మలేదు గానీ, రేవులో బట్ట మీద దాన్ని పుట్టిస్తూనే ఉన్నారన్నమాట.

పెద్దాపురానికి సబ్బుతో ఇంకో లింకు ఉంది, పట్టు ద్వారా. పురుగు గూడు నుంచి తీసిన పచ్చి పట్టు దారం ముట్టుకుంటే బిరుసుగా ఉంటుంది, మెరుపు ఉండదు. దాని మీద సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. సబ్బు, సోడా వేసిన వేడినీళ్ళల్లో మరిగిస్తే ఆ జిగురు కరిగిపోయి మనకి తెలిసిన పట్టు బయటికొస్తుంది. కానీ బరువులో దాదాపు పాతిక శాతం పోతుంది. కిలో దారం పెడితే ముప్పావు కిలో చేతికొస్తుంది. 19వ శతాబ్దంలో యూరప్ వ్యాపారులు దీనికో ఉపాయం కనిపెట్టారు. పోయిన బరువుని తగరం లవణాలు పట్టించి వెనక్కి తెచ్చేవాళ్ళు. గుడ్డ ఒత్తుగా, ఖరీదుగా అనిపిస్తుంది, కొన్నేళ్ళకి మడతల దగ్గర పొడిపొడిగా చిరిగిపోతుంది. చేతికి తగిలే బరువు వేరు, లోపలున్న సరుకు వేరు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, సబ్బు దగ్గర మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు మార్సెయ్ వెళ్దాం. ఫ్రాన్స్‌కి దక్షిణాన ఉన్న ఓడరేవు, ఆ ప్రాంతమంతా ఆలివ్ తోటలు. మన కోనసీమకి కొబ్బరి ఎలాగో వాళ్ళకి ఆలివ్ అలాగ. 1688లో పద్నాలుగో లూయీ ప్రభుత్వం అక్కడి సబ్బు మీద ఒక ఆజ్ఞ తెచ్చింది. స్వచ్ఛమైన ఆలివ్ నూనె తప్ప ఇంకే కొవ్వూ కలపకూడదు. జూన్, జులై, ఆగస్టు నెలల్లో సబ్బు కాయకూడదు, ఎందుకంటే ఆ ఎండలకి సరుకు సరిగ్గా రాదు. తప్పితే సరుకు జప్తు. సబ్బు క్వాలిటీ కోసం మూడొందల ఏళ్ళ కిందటే ఇంత గట్టి రూలు!

కానీ నూనె కల్తీని ఆజ్ఞతో ఆపొచ్చు, నీళ్ళ కల్తీని ఎలా ఆపుతారు? సబ్బు అమ్మేది తూకం లెక్కన. కాయడం పూర్తయ్యాక తెల్ల సబ్బులోకి ఇంకాస్త నీళ్ళు ఎక్కించినా అది చూడ్డానికి అలాగే ఉంటుంది. దాదాపు సగం నీళ్ళే ఉన్నా తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. కొన్నవాడు ఇంటికెళ్ళి నెలరోజులు అల్మారాలో పెడితే అది ఎండి, ముడుచుకుని సగానికి వస్తుంది. అప్పుడు గొడవ పెట్టుకుందామంటే అమ్మినవాడు ఎక్కడో.

ఇక్కడే మెలికల సబ్బు వచ్చింది. పెద్ద పెద్ద బానల్లో నూనె, క్షారం, ఉప్పునీళ్ళు కలిపి రోజుల తరబడి కాసేవాళ్ళు. అందులో అన్నభేది కొంచెం వేసేవాళ్ళు. అన్నభేది అంటే ఇనుప లవణమే, పాత ఆయుర్వేద కొట్లో అడిగితే ఆకుపచ్చ పలుకుల్లా ఇస్తారు. ఆ రోజుల్లో వాడే ముతక సోడాలో గంధకం ఉండేది. ఇనుము, గంధకం కలిసి నీలం, నలుపు మధ్య రంగులో సన్నటి రేణువులయ్యేవి. తర్వాత సబ్బుని మూసల్లోకి వంచి మెల్లగా చల్లారనిచ్చేవాళ్ళు. చల్లారేటప్పుడు సబ్బులోని గట్టి భాగం ముందు గడ్డకడుతుంది, మెత్తటి భాగం రేణువులని తనతో పట్టుకుని సందుల్లోకి జరుగుతుంది. అలా చలువరాతిలో ఉన్నట్టు నీలం నరాలు పడతాయి. ఏ చెయ్యీ గీయలేదు, ఏ పుల్లా తిప్పలేదు. ఇంకో సరదా ఏంటంటే, కోసిన కొన్నాళ్ళకి గాలి తగిలిన పైపొర తుప్పు రంగుకి తిరుగుతుంది, లోపల మాత్రం నీలం అలాగే ఉంటుంది.

అసలు ట్విస్టు ఇదీ. ఈ నరాలు పడాలంటే సబ్బులో నీళ్ళు దాదాపు మూడో వంతు దాటకూడదు. దాటిందా, సబ్బు పల్చబడి బరువైన రేణువులన్నీ అడుగుకి దిగిపోతాయి. పైన తెల్లగా, అడుగున నల్లటి మడ్డి. అంటే మెలిక కనిపించిందంటే నీళ్ళు ఎక్కువ కలపలేదని అర్థం. దుకాణదారుడి మాట నమ్మక్కర్లేదు, సబ్బు తనే చెప్తుంది. మన ఐటీ భాషలో చెప్పాలంటే అది చెక్‌సమ్. ఫైల్‌లో ఎవరన్నా వేలు పెడితే నంబర్ మారిపోయినట్టు, సబ్బులో నీళ్ళు ఎక్కువ పోస్తే డిజైన్ చెదిరిపోతుంది. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంత అందమైన చెక్‌సమ్ చూడలేదు, నిజం.

మరి దాన్ని క్రాక్ చేసింది ఎవరో తెలుసా? మన కొబ్బరికాయ.

19వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి ఓడల్లో కొబ్బరినూనె యూరప్‌కి బాగా చేరుతోంది. కొబ్బరినూనెలో లారిక్ ఆమ్లం ఎక్కువ, దాదాపు సగం అదే. దాని సబ్బు గుణం వేరు. ఉప్పునీటిలో కూడా నురగ ఇస్తుంది. అందుకే ఓడల్లో సముద్రపు నీళ్ళతో స్నానం చేసే నావికుల కోసం దాంతో ప్రత్యేకంగా సబ్బులు చేసేవాళ్ళు. ఇంకో గుణం ఏంటంటే, ఎంత నీళ్ళు, ఎంత ఉప్పు, ఎంత సోడియం సిలికేట్ ఎక్కించినా రాయిలా గట్టిగానే నిలబడుతుంది. చిక్కటి ఆ ముద్దలో రంగు అడుగుకి దిగదు. దానికి తోడు 1820ల చివర్లో కృత్రిమ అల్ట్రామెరీన్ నీలం వచ్చింది, చవగ్గా. ఇక కావలసిందేముంది? సగానికి పైగా నీళ్ళున్న సబ్బులో కూడా అచ్చం మార్సెయ్ నరాల్లాంటి నీలం మెలికలు వేసి జర్మనీలో, ఇంగ్లండులో అమ్మారు. జనం మెలిక చూసి కొన్నారు. మెలిక ఉంది, అది చెప్పాల్సిన నిజం లేదు.

కొబ్బరి తప్పు కాదు లెండి. అంబాజీపేట మార్కెట్ వాళ్ళు ఈ ఎపిసోడ్ చూస్తుంటే నన్ను తిట్టుకోకండి. సబ్బుకి గట్టిదనం, నురగ ఇచ్చేది అదే, అది లేకుండా మా పందెంలో ఒక్క సబ్బూ లేదు. కాకపోతే స్విర్ల్ వేయాలంటే కొబ్బరినూనె ఒక్కటే వాడితే కుదరదు, త్వరగా బిగుసుకుపోతుంది. నూనె, క్షారం కలిపి తిప్పుతుంటే ఒక దశలో గరిటె ఎత్తి వదిలిన ధార పైన గీతలా నిలుస్తుంది. దాన్ని ట్రేస్ అంటారు. పాకం వచ్చే ముందు అరిసెలు చేసేవాళ్ళు గిన్నె వంక ఎలా చూస్తారో అలా చూడాలి. పల్చగా ఉన్నప్పుడు రంగు వేస్తే అన్నీ కలిసిపోయి బురద, గట్టిపడ్డాక వేస్తే ఉండలు. మెలిక పుట్టేది ఆ మధ్యలో ఉన్న కొద్ది నిమిషాల్లోనే. అందుకే మేం కొబ్బరి మూడో వంతు పెట్టి, మిగతాది తవుడు నూనె, కొంచెం ఆముదం వేశాం. బియ్యం మిల్లులున్న డెల్టాలో తవుడు నూనెకి కొదవేముంది.

ఎవరైనా ట్రై చేద్దామనుకుంటే ఒక్క మాట. ఇందులో వాడేది కాస్టిక్ సోడా, చర్మాన్ని కాల్చేస్తుంది. 100 గ్రాముల కొబ్బరినూనెకి 18 గ్రాముల సోడా పైనే పడుతుంది, అదే నువ్వుల నూనెకి 13 గ్రాములు చాలు. అందుకే కంటి అంచనా పనికిరాదు, డిజిటల్ తూకం ఉండాలి, పైగా నూనెలో ఓ 5 శాతం సబ్బు కాకుండా మిగిలేలా సోడా తగ్గించి లెక్కేయాలి. సోడానే నీళ్ళల్లో పోయాలి, నీళ్ళు తీసుకెళ్ళి సోడా మీద పోయకూడదు. కళ్ళజోడు, గ్లవ్స్ లేకుండా వద్దు, అల్యూమినియం గిన్నెలు వద్దు, పిల్లలు ఆ గదిలోనే వద్దు. పోసిన సబ్బు నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాలి.

ఇక టెక్నిక్కులు. మా బావ హ్యాంగర్ స్విర్ల్ వేశాడు. బట్టలు తగిలించే హ్యాంగర్ తీగని వంచి, రంగులు పొరలుగా పోసిన మూసలో దింపి, సున్నాలు చుట్టి పైకి తీస్తారు. మా చెల్లి డ్రాప్ స్విర్ల్, అంటే ఎత్తు నుంచి సన్నగా ధార పోస్తే రంగు లోపలికి దిగి ఈకల్లా విచ్చుకుంటుంది. నేను నెమలి స్విర్ల్‌కి దిగాను. వెడల్పు పళ్ళెంలో రంగు గీతలు పోసి, దువ్వెనలాంటి దానితో అడ్డంగా, నిలువుగా లాగాలి. దువ్వెన కోసం థర్మోకోల్ ముక్కకి కొబ్బరి ఈనెలు గుచ్చాను. ఆ పని చేస్తున్నప్పుడే తెలిసింది, ఈ నెమలి డిజైన్ సబ్బువాళ్ళది కాదని. పాత పుస్తకాల అట్ట లోపల రంగురంగుల మార్బుల్ కాగితం అంటిస్తారు చూశారా, పేరుతో సహా అక్కడి నుంచి తెచ్చుకున్నదే. చిక్కటి నీళ్ళ మీద రంగు తేల్చి, దువ్వి, కాగితం అద్ది తీసే ఈ విద్య టర్కీలో ఎబ్రూ, 2014లో యునెస్కో జాబితాకి ఎక్కింది. పర్షియన్లో అబ్రీ, మబ్బులాంటిది అని. ఇది ఎక్కడో దూరపు సంగతి అనుకోకండి. 17వ శతాబ్దంలో మన పక్కనే బీజాపూర్‌లో ఈ పద్ధతితో ఏకంగా బొమ్మలే వేశారు. ఎముకల గూడులాంటి గుర్రం, దాని మీద బక్కచిక్కిన సన్యాసి, ఒళ్ళంతా రంగుల మెలికలు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అలాంటిది ఒకటి ఉంది, ఫోన్‌లో వెతికి చూడండి, పిచ్చెక్కిపోతుంది.

పందెంలో మాత్రం అందరి కళ్ళూ పిన్ని సబ్బు మీదే. ఆవిడ పసుపు వేసింది. గిన్నెలో సోడా తగలగానే పసుపు కాస్తా ఎర్రగా మారింది. మా అమెరికా కజిన్ వీడియో కాల్లో చూసి షాక్. పిన్ని మాత్రం చాలా మామూలుగా, "పారాణి ఎలా వస్తుందనుకున్నావురా?" అంది. పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపే అది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పదో తరగతిలో చదివి మర్చిపోయాం మనం. సబ్బు ఆరే కొద్దీ ఆ ఎరుపు తగ్గి, కాషాయం మీదుగా మట్టి పసుపుకి దిగుతూ వచ్చింది. పిన్ని వేసిన మెలిక కూడా మామూలుదే, ఈనెతో మెలికల ముగ్గు తిప్పినట్టు తిప్పింది, అంతే. చెయ్యి తిరిగిపోయింది కాబట్టి ఎక్కడా తెగలేదు. గెలిచింది ఆవిడే.

ఇప్పుడు మన దేశంలో సబ్బు సంగతికొద్దాం. 1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. 1910ల్లో మైసూరు సంస్థానం బెంగళూరులో సబ్బుల ఫ్యాక్టరీ పెట్టింది, గంధం సబ్బు అక్కడిదే. విదేశీ సబ్బుల్లో జంతువుల కొవ్వు ఉంటుందని ఇక్కడ చాలా ఇళ్ళల్లో ముట్టుకునేవాళ్ళు కాదు. 1919 ప్రాంతంలో అర్దేశిర్ గోద్రెజ్ పూర్తిగా మొక్కల నూనెలతో సబ్బు తెచ్చినప్పుడు స్వదేశీ ఉద్యమం వేడి మీద ఉంది, ఆ మాటే దానికి పెద్ద ప్రచారం. గమనించారా, ఇక్కడ కూడా కొనేవాడి ప్రశ్న అదే. లోపల ఏముంది?

ఈరోజు ఆ ప్రశ్నకి జవాబు మెలికలో లేదు, రేపర్ వెనక ఉంది. టీఎఫ్ఎం అని చిన్న అక్షరాల్లో ఒక నంబర్ ఉంటుంది. సబ్బులో అసలు కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పే లెక్క అది. భారతీయ ప్రమాణాల ప్రకారం టాయిలెట్ సోప్ గ్రేడ్ 1 అంటే కనీసం 76 శాతం, గ్రేడ్ 2కి 70, గ్రేడ్ 3కి 60. బేతింగ్ బార్ అని రాసుంటే అది వేరే క్లాసు, దానికి 40 ఉంటే చాలు. ఇంతకాలం సబ్బు అనుకుని వాడుతున్నది సబ్బో బారో చాలామంది చూసుకోరు. అయితే చేత్తో చేసిన సబ్బుని ఈ నంబర్ ఒక్కదానితో కొట్టిపారేయడం కూడా అన్యాయం. ఫ్యాక్టరీలు గ్లిజరిన్ తీసి విడిగా అమ్ముకుంటాయి, ఇంటి సబ్బులో అది లోపలే ఉంటుంది, నీళ్ళు కూడా కాస్త ఎక్కువే. కాబట్టి శాతం తగ్గుతుంది. అప్పుడు మిగిలేది ఒక్కటే, చేసినవాళ్ళు ఏం వేశారో రాసివ్వడం.

ఇది ఎందుకింత సాగదీస్తున్నానంటే, పోయిన నెల ఒక ఆన్‌లైన్ సబ్బుల పేజీ వాళ్ళు మన చానెల్లో ప్రమోషన్ అడిగారు. డబ్బులు బాగానే ఇస్తామన్నారు. సబ్బులు చూడ్డానికి అద్భుతం, బంగారం మైకా, ఊదారంగు మెలికలు, పేరుకి ముందు 'నేచురల్', వెనక 'ప్యూర్'. నేను రెండే అడిగాను, ఏ నూనెలు, టీఎఫ్ఎం ఎంత. నాలుగు సార్లు మెసేజ్ పెట్టాను. ప్రతిసారీ ఇంకో అందమైన ఫోటో వచ్చింది, జవాబు రాలేదు. వాళ్ళు మోసం చేస్తున్నారని నేను అనట్లేదు, నాకు తెలీదు కాబట్టి అనలేను. తెలీనిదాన్ని మీకు అమ్మలేను, అందుకని వద్దన్నాను. ఆ డబ్బుతో కొత్త మైక్ వచ్చేది, ఈ ఎపిసోడ్‌లో ఫ్యాన్ సౌండ్ వినిపిస్తే కారణం అదే.

పిన్ని వాళ్ళ సంగతి అడుగుతారు కదా. అమ్మకానికి సబ్బు చేయాలంటే కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద లైసెన్స్ కావాలి. దానికి స్థలం, యంత్రాలు, చదువుకున్న మనిషి, ఫీజులు, చాలా ఉన్నాయి. నలుగురు ఆడవాళ్ళకి అది చిన్న విషయం కాదు. మరిడమ్మ జాతరకి స్టాల్ పెడదామని గ్రూపులో ఒకావిడ బాగా పట్టుబట్టారు, నలుగురూ అమ్ముతున్నారు మనమెందుకు ఆగాలని. పిన్ని ఒప్పుకోలేదు. ఇద్దరికీ వారం రోజులు మాటల్లేవు. ప్రస్తుతానికి చుట్టాలకి, పక్కింటివాళ్ళకి ఊరికే పంచుతున్నారు. లైసెన్స్ ఉన్న ఒక చిన్న యూనిట్ వాళ్ళ దగ్గర పోయించుకుని తమ పేరుతో అమ్మే దారి ఉందేమో కనుక్కుంటున్నారు.

పంచే ప్రతి సబ్బుకీ మాత్రం కాగితం చుడుతున్నారు. మీకు స్క్రీన్ మీద చూపిస్తున్నాను చూడండి, పిన్ని చేతిరాత: కొబ్బరినూనె, తవుడు నూనె, ఆముదం, ఒక్కోటి ఎన్ని గ్రాములు, సోడా ఎంత, నీళ్ళు ఎంత, పోసిన తేదీ, వాడటం మొదలెట్టాల్సిన తేదీ. కింద చిన్న అక్షరాలతో, "రంగు పసుపుది. మొదట ఎర్రగా ఉంటుంది, భయపడకండి."